ఎందుకు కాలేదో చెప్పే అంకెలు

పిల్లలూ! సెలవుల్లో పరిచయమైన ఒక స్నేహితుడికి మీరు ఉత్తరం రాశారనుకుందాం. పది రోజుల తరవాత ఆ ఉత్తరం తిరిగి మీ ఇంటికే వచ్చింది. కవరు మీద పోస్టుమాన్ ఒక చిన్న మాట రాశాడు. ఏమని రాసి ఉంటాడు?

“ఇంటికి తాళం వేసి ఉంది” అని రాశాడనుకోండి. మీరేం చేస్తారు? ఒక వారం ఆగి మళ్లీ పంపుతారు. “చిరునామా చాలదు” అని రాస్తే, ఇంటి నంబరు కనుక్కుని, చిరునామా సరిచేసి పంపుతారు. “తీసుకోవడానికి నిరాకరించారు” అని రాస్తే, స్నేహితుడికి కోపం ఎందుకు వచ్చిందో ఆలోచిస్తారు. “ఆ పేరుగలవారు ఇక్కడ లేరు” అని రాస్తే, ఇక పంపడమే మానేస్తారు.

చూశారా! ఉత్తరం చేరలేదన్న సంగతి నాలుగు సందర్భాల్లోనూ ఒకటే. కాని ఆ తరవాత మీరు చేయవలసిన పని మాత్రం నాలుగు రకాలు. ఆ పనిని నిర్ణయించేది కవరు మీది చిన్న మాట.

ఇప్పుడు ఆ పోస్టుమాన్ బద్ధకించి, తాళం వేసిన ఇంటికి కూడా “ఆ పేరుగలవారు ఇక్కడ లేరు” అని రాసేశాడనుకోండి. అతడికి అదొక చిన్న పొరపాటు. కాని మీరు మళ్లీ ఉత్తరం రాయరు. మీ స్నేహితుడు ఊరినుంచి తిరిగివచ్చి మీ ఉత్తరం కోసం ఎదురుచూస్తూనే ఉంటాడు!

కంప్యూటరు లోపల కూడా ఇలాంటి పోస్టుమాన్లు ఎందరో ఉన్నారు. వాళ్లు మాటలు రాయరు, అంకెలు రాస్తారు. ఆ అంకెల కథ ఈ నెల తెలుసుకుందాం.

డ్రైవరు అంటే ఎవరు?

కంప్యూటరుకు కీబోర్డు, తెర, డిస్కు, ప్రింటరు, కెమెరా వంటి పరికరాలెన్నో తగిలించి ఉంటాయి. ఒక్కొక్క పరికరానిది ఒక్కొక్క పద్ధతి. ఒక కంపెనీ ప్రింటరుకు అర్థమయ్యే సంకేతాలు మరో కంపెనీ ప్రింటరుకు అర్థం కావు. మీరు బొమ్మలు గీసే ప్రోగ్రాముగాని, ఉత్తరాలు రాసే ప్రోగ్రాముగాని ఇన్ని పద్ధతులు నేర్చుకోవాలంటే కుదరని పని.

అందుకని కంప్యూటరులో ఆపరేటింగ్ సిస్టం అనే పెద్ద ప్రోగ్రాము ఉంటుంది. అది ఇంటి పెద్దలాంటిది. ఏ ప్రోగ్రాముకు ఏ పరికరం కావాలన్నా దానినే అడగాలి. దాని గుండెకాయ వంటి భాగాన్ని కెర్నెల్ అంటారు. ఒక్కొక్క రకం పరికరంతో మాట్లాడటానికి కెర్నెల్ ఒక్కొక్క సహాయకుణ్ణి పెట్టుకుంటుంది. ఆ సహాయకుడి పేరే డ్రైవరు. బస్సు నడిపే డ్రైవరు కాదు సుమా! ఇది ఒక పరికరాన్ని నడిపే ప్రోగ్రాము ముక్క.

లినక్స్ పేరు మీరు విని ఉంటారు. ఫిన్లండు దేశంలో హెల్సింకీ విశ్వవిద్యాలయ విద్యార్థి లినస్ టోర్వాల్డ్స్ 1991లో ప్రారంభించిన కెర్నెల్ అది. ఆండ్రాయిడ్ ఫోన్లన్నిటిలోనూ ఉన్నది లినక్స్ కెర్నెలే. దాని డ్రైవర్లను ఎవరైనా చదివి చూడవచ్చు. అందుకని మన ఉదాహరణలన్నీ అక్కడినుంచే తీసుకుందాం.

మాటలకు బదులు అంకెలు

డ్రైవరుకు ఒక పని అప్పగిస్తే రెండే జరగవచ్చు. పని అవుతుంది, లేదా కాదు. “ఈ వంద అక్షరాలు రాయి” అని అడిగితే, రాయగలిగిన డ్రైవరు “100” అని జవాబిస్తుంది. ఎన్ని రాశానో చెప్పడమన్నమాట. కొన్ని పనులకు లెక్క ఉండదు. అప్పుడు “0” అంటుంది. “ఏ లోపమూ లేదు, పని అయింది” అని దాని అర్థం.

మరి పని కాకపోతే? ధన సంఖ్యలన్నీ లెక్కలు చెప్పడానికే సరిపోయాయి. మిగిలినవి మీరు లెక్కల పుస్తకంలో చదివిన ఋణ సంఖ్యలు. కనుక డ్రైవరు ఒక ఋణ సంఖ్యను తిరిగి పంపుతుంది. అదే ఎర్రర్ కోడు. మనం దానిని దోష సంఖ్య అందాం. లినక్స్‌లో సాధారణంగా వాడే కొన్ని దోష సంఖ్యలు ఇవి. మైనస్ గుర్తును వదిలి రాస్తున్నాము.

2 – ఆ పేరుగల ఫైలు లేదు.
5 – పరికరానికి పంపడంలోనో, దానినుంచి తీసుకోవడంలోనో లోపం వచ్చింది.
11 – ఇప్పుడు కాదు, కాసేపటికి మళ్లీ అడుగు.
12 – మెమరీ చాలలేదు.
13 – నీకు అనుమతి లేదు.
16 – పరికరం వేరొకరి చేతిలో ఉంది.
19 – అలాంటి పరికరం లేదు.
22 – నువ్వు అడిగిన తీరే తప్పు.
28 – చోటు లేదు.

వీటిలో చాలావరకు లినక్స్ కంటె పాతవి. 1969లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో కెన్ థాంప్సన్, డెన్నిస్ రిచీ మొదలుపెట్టిన యూనిక్స్ అనే ఆపరేటింగ్ సిస్టంనుంచి వారసత్వంగా వచ్చాయి.

మాటలే చెప్పవచ్చుగదా, అంకెలెందుకు అని మీకు అనుమానం రావచ్చు. మంచి ప్రశ్నే! డ్రైవరు జవాబును మొదట వినేది మనిషి కాదు, మరో ప్రోగ్రాము. ప్రోగ్రాముకు మాటలు చదివి అర్థం చేసుకోవడం కంటె రెండు అంకెలను పోల్చడం సులువు. 11 వస్తే కాసేపాగి మళ్లీ అడగాలి, 13 వస్తే అనుమతి కోరాలి అని ముందుగానే రాసి పెట్టుకోవచ్చు. ఇంకో లాభం కూడా ఉంది. అదే 28ని ఒక తెర మీద ఇంగ్లీషులోనూ, మరో తెర మీద “చోటు లేదు” అని తెలుగులోనూ చూపించవచ్చు. అంకె మాత్రం మారదు.

కాగితం అయిపోతే ఏ అంకె?

ఇప్పుడు మీరే ఒక డ్రైవరు రాస్తున్నారనుకోండి. ప్రింటరులో కాగితం అయిపోయింది. పైన ఇచ్చిన అంకెల్లో దేనిని పంపుతారు? “కాగితం లేదు” అన్న అర్థంతో ఒక్క అంకె కూడా లేదు గదా!

వెనుకటి రోజుల్లో ప్రింటరును వెడల్పాటి ప్లగ్గున్న లావుపాటి కేబులుతో కంప్యూటరుకు తగిలించేవారు. దానిలో అక్షరాలు మోసుకుపోయే తీగలు ఎనిమిది. ప్రింటరు తన పరిస్థితి చెప్పుకోవడానికి అయిదు తీగలు. “పనిలో ఉన్నాను”, “అక్షరం అందింది”, “కాగితం అయిపోయింది”, “సిద్ధంగా ఉన్నాను”, “నాలో ఏదో లోపం ఉంది” – ఇవీ ఆ అయిదు తీగలు చెప్పే సంగతులు. ఒక్కొక్క తీగలో విద్యుత్తు స్థాయిని చూసి డ్రైవరు సంగతి గ్రహించేది.

కాగితం తీగ సంకేతమిచ్చినప్పుడు లినక్స్ ప్రింటరు డ్రైవరు పంపే అంకె 28. అంటే “చోటు లేదు”! మొదట వింటే వింతగా ఉంటుంది. డిస్కు నిండిపోయినప్పుడు పంపే అంకె గదా అది? కాని కాస్త ఆలోచించండి. డిస్కుకు చోటు అంటే ఖాళీ భాగం. ప్రింటరుకు చోటు అంటే తెల్లకాగితం. కాగితం లేకపోతే ప్రింటరుకు రాయడానికి చోటు లేనట్టే. పైగా వినేవాడు చేయవలసిన పనీ ఒక్కలాంటిదే. డిస్కయితే ఖాళీ చేయాలి, ప్రింటరయితే కాగితం పెట్టాలి. రెండిటిలోనూ చోటు కల్పించి మళ్లీ ప్రయత్నించాలి. దానికి 5ను పంపి ఉంటే, ప్రింటరు పాడయిందనుకుని మరమ్మతుకు పంపేవారు!

అదే డ్రైవరును ఒక ప్రోగ్రాము వాడుకుంటూ ఉండగా రెండోది వచ్చి తలుపు తట్టిందనుకోండి. అప్పుడు పంపేది 16. “వేరొకరి చేతిలో ఉంది, వరసలో ఆగు” అన్నమాట.

మరి కాగితం ఉంది, ప్రింటరు సిద్ధంగానే ఉన్నానంటున్నది, అయినా లోపం తీగ సంకేతమిస్తున్నది. అప్పుడేం చేయాలి? ఇక్కడొక తమాషా ఉంది. లినక్స్ డ్రైవరు తన దినచర్య పుస్తకంలో “ప్రింటరుకు నిప్పంటుకుంది” అన్న అర్థం వచ్చే ఇంగ్లీషు మాట రాసుకుంటుంది! నిజానికి మంటలూ ఉండవు, పొగా ఉండదు. దానికి తెలిసిందల్లా ఏదో లోపం ఉందన్నదే. అయితే ప్రోగ్రాముకు పంపే అంకె మాత్రం బుద్ధిగా 5. “ఇచ్చిపుచ్చుకోవడంలో లోపం, అంతకుమించి నాకు తెలియదు” అని దాని అర్థం. తెలిసినప్పుడు తెలిసినంతా చెప్పాలి. తెలియనప్పుడు కల్పించి చెప్పకూడదు. మాట ఎంత హాస్యంగా ఉన్నా అంకె అబద్ధమాడలేదు.

తప్పు అంకె చేసే కీడు

ఒక బడిలో కంప్యూటరు ఉంది. పదో తరగతి మార్కులన్నీ దానిలోనే ఉన్నాయి. డిస్కు పాతబడి, లోపల కొంత భాగం చెడిపోతున్నది. మాస్టారు ఒక ఫైలు దాచబోతే డిస్కు రాయలేకపోయింది. డ్రైవరు పంపవలసింది 5. అది వస్తే మాస్టారు, “డిస్కులో ఏదో తేడా ఉంది” అని గ్రహించి, ముందుగా మార్కులన్నిటినీ మరో డిస్కులోకి నకలు తీసుకుంటారు.

అలాకాక డ్రైవరు పొరపాటున 28 పంపిందనుకోండి. తెర మీద “చోటు లేదు” అని వస్తుంది. మాస్టారు పాత ఫోటోలన్నీ తుడిచేసి చోటు చేస్తారు. మళ్లీ రాస్తారు. మళ్లీ “చోటు లేదు”. మరికొన్ని తుడిచేస్తారు. చెడిపోతున్న డిస్కుకు ఇంకా ఇంకా పని పెడతారు. చివరకు ఒక ఉదయం డిస్కు మూగబోతుంది. నకలు తీసుకోవలసిన సమయమంతా తుడవడంలో గడిచిపోయింది. ఒక్క అంకె చేసిన కీడు అది!

“లేదు” వేరు, “ఇంకా లేదు” వేరు

మీరు ఫోను ఆన్ చేసినప్పుడు లోపల పెద్ద హడావుడి జరుగుతుంది. కెర్నెల్ ఒక్కొక్క డ్రైవరునూ పిలిచి, “ఇదిగో ఈ పరికరం, దీనిని నువ్వు చూసుకోగలవా?” అని అడుగుతుంది. డ్రైవరు 19 అని జవాబిస్తే, “అలాంటి పరికరం లేదు” అని అర్థం. కెర్నెల్ ఆ సంగతి అక్కడితో వదిలేసి తరవాతి పనికి వెళ్లిపోతుంది.

ఇక్కడొక చిక్కు ఉంది. కెమెరాకు విద్యుత్తు ఇచ్చే చిన్న చిప్పు ఒకటి ఉంటుంది. దానికి వేరే డ్రైవరు. కెమెరా డ్రైవరును ముందు పిలిచారు, విద్యుత్తు చిప్పు డ్రైవరు ఇంకా మేలుకోలేదు. అప్పుడు కెమెరా డ్రైవరు ఏమని చెప్పాలి? 19 అంటే అబద్ధం. కెమెరా ఉంది. 0 అంటే అదీ అబద్ధమే. కెమెరా ఇంకా పనిచేయడం లేదు.

దీనికోసం 2012లో లినక్స్‌లో ఒక కొత్త దోష సంఖ్యను చేర్చారు. అది 517. “నాకు కావలసినవారు ఇంకా రాలేదు. నన్ను మరిచిపోకుండా తరవాత మళ్లీ పిలు” అని దాని అర్థం. 517 అన్న జవాబు వస్తే కెర్నెల్ ఆ పరికరాన్ని ఒక ప్రత్యేక జాబితాలో రాసుకుంటుంది. మరో డ్రైవరు ఏదైనా విజయవంతంగా పని మొదలుపెట్టినప్పుడల్లా ఆ జాబితాలోని వాటిని మళ్లీ పిలుస్తుంది. విద్యుత్తు చిప్పు మేలుకోగానే కెమెరా కూడా మేలుకుంటుంది.

ఈ 517 కెర్నెల్ గడప దాటి బయటి ప్రోగ్రాములకు వెళ్లకూడదు. అది ఇంట్లోవాళ్ల మధ్య మాట మాత్రమే.

517 పంపవలసిన చోట బద్ధకించి 19 పంపితే ఏమవుతుంది? ఆనాటి పోస్టుమాన్ చేసిన పనే! తాళం వేసిన ఇంటికి “ఆ పేరుగలవారు లేరు” అని రాసినట్టు. కెర్నెల్ ఇక పిలవదు. కెమెరా బాగానే ఉంటుంది, ఫోనూ బాగానే ఉంటుంది. ఫోటోలు మాత్రం రావు. ఇంకా తమాషా ఏమంటే, ఒకరోజు చిప్పు ముందు మేలుకుంటే కెమెరా పనిచేస్తుంది. మరోరోజు చేయదు. ఇలాంటి జబ్బును కనిపెట్టడం ఎంత కష్టమో ఊహించండి!

దీనికి తిరగేసిన తప్పు కూడా ఉంది. పరికరాన్ని కేబులుతోసహా ఎవరో లాగేశారు. ఇక అది రాదు. డ్రైవరు 19 పంపాలి. దానికి బదులు 11 పంపితే, అంటే “కాసేపటికి మళ్లీ అడుగు” అంటే, ప్రోగ్రాము మళ్లీ మళ్లీ అడుగుతూనే ఉంటుంది. ఎప్పటికీ రాని జవాబుకోసం బ్యాటరీ ఖర్చయిపోతుంది.

“టైప్‌రైటర్ కాదు”!

పాత యూనిక్స్ యంత్రాలు వాడినవారికి ఒక వింత అనుభవం ఎదురయ్యేది. ఏదో పని చెడిపోయేది. కారణం ఏమిటా అని చూస్తే, “టైప్‌రైటర్ కాదు” అని ఇంగ్లీషులో కనిపించేది. టైప్‌రైటర్ ఊసే ఎవరూ ఎత్తలేదు, ఇదేమిటి?

యూనిక్స్ పుట్టిన రోజుల్లో తెరలకు బదులు టైప్‌రైటర్ వంటి టెలిటైప్ యంత్రాలు ఉండేవి. ఒక పరికరం అలాంటి యంత్రమా కాదా అని అడిగితే, కాకపోతే 25 అన్న దోష సంఖ్య వచ్చేది. ఒక ఫైలులో రాయబోయే ముందు ప్రోగ్రాము ఈ ప్రశ్న అడిగేది. 25 వచ్చేది. అందులో తప్పేమీ లేదు. అది ఫైలే గదా! కాని ఆ 25 దోష సంఖ్య దాచే గదిలో అలాగే ఉండిపోయేది. తరవాత మరే కారణంచేతనో పని చెడితే, కొన్ని ప్రోగ్రాములు ఆ గదిలో ఉన్న పాత అంకెనే తీసి చూపించేవి. నిన్నటి జ్వరం చీటీని ఇవాళ్టి పంటి నొప్పికి చూపించినట్టు! అంకె సరైనదే, సందర్భమే తప్పు.

అన్నిటికంటె ప్రమాదమైన జవాబు

తప్పు దోష సంఖ్య పంపడం ఒక ఎత్తు. పని కాకపోయినా “0, అంతా బాగుంది” అనడం మరో ఎత్తు.

మనం ఏదైనా రాస్తే కంప్యూటరు వెంటనే డిస్కులో రాయదు. మెమరీలో ఉంచుకుని తీరికగా రాస్తుంది. ముఖ్యమైన సమాచారమైతే ప్రోగ్రాము, “నిజంగా డిస్కులోకి చేరిందా?” అని గట్టిగా అడుగుతుంది. 2018లో ఈ విషయమై పెద్ద చర్చ జరిగింది. పోస్ట్‌గ్రెస్ అనే ప్రసిద్ధమైన సమాచార భాండాగారం ప్రోగ్రామును రాసేవారు ఒక సంగతి గమనించారు. డిస్కులో రాయడం చెడితే లినక్స్ 5 అని ఒకసారి చెప్పేది. పోస్ట్‌గ్రెస్ మళ్లీ అడిగితే, ఈసారి 0 అనేది! లోపం ఒకసారి చెప్పేశాను గనుక దాని పని తీరిపోయిందని కెర్నెల్ లెక్క. రెండోసారి పని జరిగిందని పోస్ట్‌గ్రెస్ లెక్క. ఇద్దరి మధ్యా సమాచారం మాయమయ్యేది. 2019లో పోస్ట్‌గ్రెస్ తన పద్ధతి మార్చుకుంది. మొదటిసారి లోపం అనగానే మళ్లీ అడగడం మానేసి, పని ఆపి, తాను ముందుగా రాసుకున్న చిట్టానుంచి అంతా తిరిగి కూర్చుకోవడం మొదలుపెట్టింది.

ఒకే అంకెను చెప్పేవాడు ఒకలా, వినేవాడు మరోలా అర్థం చేసుకుంటే ఎంత చిక్కో చూశారా!

అంకెను ఎంచుకోవడం ఎలా?

మంచి డ్రైవరు రాసేవారు మూడు ప్రశ్నలు వేసుకుంటారు. మొదటిది: తప్పు ఎక్కడుంది? అడిగినవాడి దగ్గరా, పరికరం దగ్గరా, లేక సమయం ఇంకా రాలేదా? రెండోది: నాకు నిజంగా ఎంత తెలుసు? మూడోది: ఈ అంకె విన్నవాడు ఏం చేస్తాడు? అతడు చేయబోయేది ఈ సందర్భంలో సరైన పనేనా?

కింది భాగంనుంచి తనకు వచ్చిన అంకెను మార్చకుండా పైకి పంపడం కూడా మంచి అలవాటు. కింద ఉన్నవాడు 12 అని స్పష్టంగా చెబితే, మధ్యలో ఉన్నవాడు దాన్ని చెరిపి 5 అని రాయడం దేనికి?

లినక్స్‌కు ఎవరు ఏ సవరణ పంపినా ఇతరులు చదివి పరీక్షిస్తారు. ఒక్క దోష సంఖ్యను సరిచేయడానికే పంపే సవరణలూ ఉంటాయి. అయితే ఆలస్యంగా సరిచేయడంలో ఒక కష్టం ఉంది. పాత అంకెకు అలవాటుపడి రాసిన ప్రోగ్రాములు అప్పటికే లోకంలో తిరుగుతూ ఉంటాయి. అంకె మారిస్తే అవి తికమకపడతాయి. అందుకని మొదటిసారే సరైన అంకెను ఎంచుకోవడం మేలు.

మీరే చెప్పండి!

ఇప్పుడు మీరే డ్రైవర్లు. ఏ అంకె పంపుతారు?

1. ఉష్ణోగ్రత కొలిచే పరికరం ఇంకా కొలుస్తున్నది. ప్రోగ్రాము ఆగనంటున్నది. ఫలితం మరో క్షణంలో వస్తుంది.
2. “సున్నా వెడల్పుతో ఒక ఫోటో తియ్యి” అని ప్రోగ్రాము కెమెరాను అడిగింది.
3. వెబ్‌కామ్ పనిచేస్తూ ఉండగా మీ తమ్ముడు కేబుల్ లాగేశాడు.

ముందు మీరే ఆలోచించి, పైన ఇచ్చిన జాబితాతో సరిచూసుకోండి. తరవాతే కింద చూడండి.

జవాబులు: మొదటిది 11. కాసేపట్లో మళ్లీ అడిగితే పని అవుతుంది. రెండోది 22. పరికరం బాగానే ఉంది, అడిగిన తీరే తప్పు. మూడోది 19. ఇక అక్కడ పరికరం లేదు, అడిగి లాభం లేదు.

ఈసారి ఫోనులోగాని, కంప్యూటరులోగాని “పని కాలేదు” అని ఒక అంకె కనిపిస్తే విసుక్కుని చెరిపేయకండి. ఒక్క క్షణం ఆగి చదవండి. తిరిగివచ్చిన ఉత్తరం మీద పోస్టుమాన్ రాసిన మాట అది. తరవాత ఏం చేయాలో చెప్పేది అదే!